తెలుపులో తేడా

మేస్త్రి భోజనం చేసి, ఒక కునుకు తీసి, కిందికి దిగేసరికి రోజూ సాయంత్రమవుతుంది. ఆ రోజు పక్కింటివాళ్ళు గోడకు బెజ్జాలు వేయిస్తున్నారు. ఆ రొదకు నిద్ర పట్టక, పక్కింటివాళ్ళను మూడు తరాల వెనక్కి వెళ్ళి మరీ తిట్టుకుంటూ ఎండ తగ్గకముందే మెట్లు దిగాడు. దిగకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

కింది గదిలో, కిటికీ పక్కన, ఆయన కుర్చీలో తమ్ముడి కూతురు కూర్చుని ఉంది. ఎడమచేతిలో ఆయన కుంచె ఉంది. కుడిచేతి వేళ్ళ మధ్య ఆయన పొద్దుట పూర్తిచేసిన కన్ను ఉంది. వీధిలో ఆయన్ను కళ్ళ మేస్త్రి అనేది అందుకే. ప్రమాదంలోనో జబ్బు చేసో కన్ను పోయినవాళ్ళకు, పోయిన చోట అమర్చుకోవడానికి ప్లాస్టిక్ కన్ను చేసిచ్చేవాడు. చిన్నపిల్లలెవరైనా "తాతా, దీంతో కనిపిస్తుందా?" అనడిగితే, "దీనికి నువ్వు కనిపించవు గానీ నీకిది కనిపిస్తుంది, సగం బేరం కుదిరినట్టే కదా" అనేవాడు. ఆ జవాబు మీద ఆయనకు చాలా ముచ్చట. తల్లిదండ్రులు నవ్వేదాకా ఆగి, అప్పుడు పని మొదలుపెట్టేవాడు.

నల్లగుడ్డు వేయడం చూసేవాళ్ళకు గొప్పగా ఉంటుంది గానీ, అసలు పని తెల్లగుడ్డులో ఉంది. ఏ ఇద్దరి తెలుపూ ఒకటి కాదు. ఒకరిది పాలలా ఉంటుంది, ఒకరిది మబ్బు పట్టినట్టుంటుంది, పొగ తాగేవాడిది ఇంకోలా ఉంటుంది. మిగిలిన కంటి పక్కన పెట్టి, కిటికీ వెలుతురులో చూసి చూసి ఆ తెలుపు కలపాలి. ఎర్ర పట్టుదారంలోంచి వెంట్రుక కన్నా సన్నని పోగులు తీసి నరాల్లా పరవాలి. అంతా అయ్యాక పైన గాజులాంటి పూత పోసి, చక్రం మీద మెరుగు పెట్టాలి. తెలుపూ నరాలూ మేస్త్రి పని. పై పూత పోసి గట్టిపరచడం తమ్ముడి కూతురి పని.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు గుమ్మంలోంచే.

అమ్మాయి ఉలిక్కిపడలేదు. కుంచె నీళ్ళలో ముంచి పక్కన పెట్టి, "తెల్లగుడ్డు కొంచెం పసుపుపచ్చగా ఉంది పెదనాన్నా. పల్చగా ఒక్క పూత నీలం వేస్తున్నా" అంది.

మేస్త్రి ఆ కన్ను లాక్కుని కిటికీ దగ్గర పెట్టి చూశాడు. తాను పొద్దుట వేసిన తెలుపు మీద ఏదో బూడిద పులిమినట్టు కనిపించింది. ప్రాణం పోయిన మనిషి కన్నులా ఉందని ఆ మాట పైకే అన్నాడు. తడిగుడ్డ తీసుకుని పూతంతా తుడిచేశాడు. తుడుస్తున్నంతసేపూ అమ్మాయి ఆ గుడ్డ వంకే చూస్తూ నిలబడింది.

ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పనివాళ్ళందరికీ అది తెలుసు. ఆ తగ్గిన గొంతుతోనే, ఈ గదిలో తెలుపు ఏదో చెప్పాల్సింది ఒక్కరేననీ, నేర్పినవాడికే నేర్పేంత దానివయ్యావనీ అన్నాడు. ఇక మీదట కుంచె ముట్టుకోవద్దన్నాడు. పై పూత కూడా తానే పోసుకుంటానన్నాడు. "రేపట్నుంచి చక్రం దగ్గర కూర్చో" అన్నాడు చివరగా. మెరుగు పెట్టే చక్రం గది మూలన, వెలుతురు రాని చోట ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకు సాయంత్రానికి కనుబొమల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది.

అమ్మాయి కుర్చీని ఆయన వైపు జరిపింది. మర్నాడు పొద్దున్నే వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని చక్రం దగ్గర కూర్చుంది.

ఆ కన్ను దారాల కొట్టు ఆవిడది. సూదులూ బొత్తాలూ దారపు ఉండలూ అమ్మే పెద్ద కొట్లో ఆవిడ పని దారాల బల్ల దగ్గర. జనం గుడ్డపీలిక తెచ్చి చూపిస్తే, వందల ఉండల్లోంచి దానికి సరిపోయే దారం తీసిచ్చేది. కొట్టు షట్టరు ఎత్తుతుంటే తెగిన కమ్మీ ఒకటి ఎగిరి ఎడమ కన్ను తీసేసింది. గాయం మానాక మళ్ళీ అదే బల్ల దగ్గర, నల్లద్దాలు పెట్టుకుని, ఒక్క కంటితోనే రంగులు చూసి ఇస్తోందనీ, ఎవరూ వంక పెట్టలేదనీ కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడే కొంచెం గర్వంగా చెప్పింది.

కన్ను సరిగ్గా కూర్చుంది. రెప్ప బాగా కదిలింది. మేస్త్రి అద్దం అందించి, ఎప్పటిలా చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. అద్దం అందుకున్నవాళ్ళ ముఖాలు విచ్చుకోవడం చూడడం ఆయనకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఆవిడ ముఖం విచ్చుకోలేదు. అద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకుంది.

"ఇది కొంచెం పసుపుగా ఉందేమోనండీ" అంది మెల్లగా. "తెలుపు దగ్గర... దానికీ దీనికీ తేడా తెలుస్తోంది."

మూలన చక్రం ఆగింది.

నిన్నటి నుంచి లోపల మిగిలిన చిరాకంతా మేస్త్రి నోట్లోకి వచ్చింది. అయినా గిరాకీతో మాట్లాడే మెత్తని గొంతుతోనే అన్నాడు. "చూడమ్మా, రెండు కళ్ళున్నవాళ్ళకే రంగులు పోల్చడం కష్టం. ఒంటి కంటికి అన్నీ తేడాగానే ఉంటాయి. తేడా ఇందులో లేదు, మీ మనసులో ఉంది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

ఇది ఆయన ఎక్కడా చదివింది కాదు, ఎవరూ చెప్పింది కాదు. నోటికి వచ్చింది, అన్నాడు.

"కొట్లో రంగులు చూసేది నేనేనండీ" అంది ఆవిడ.

"అందుకే చెబుతున్నా. కాస్త జాగ్రత్తగా ఉండండి."

ఆవిడ మళ్ళీ అద్దంలోకి చూడలేదు. అద్దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టి, నల్లద్దాలు తగిలించుకుని, వస్తానండీ అని వెళ్ళిపోయింది. మేస్త్రి మూల వైపు చూశాడు. చక్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

*

పోగులు పరిచేటప్పుడు ఒక్కో నరం రెండుగా కనిపిస్తోందని మేస్త్రి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. కళ్ళు చేసేవాడికి కళ్ళు మందగించాయంటే నవ్వుతారని భయం. ఆఖరికి, దారాల కొట్టు ఆవిడ వెళ్ళిన వారానికి, ఇంకో కన్ను పూర్తికాకముందే, సాంబారు గిన్నె అనుకుని పక్క గిన్నెలోని వేణ్ణీళ్ళు అన్నంలో పోసుకున్నాడు. అది చూసి భార్య ఆస్పత్రికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళకూ శుక్లాలు బాగా ముదిరాయనీ, ముందు కుడి కన్ను చేద్దామనీ డాక్టరమ్మ చెప్పింది.

కట్టు విప్పిన రోజు పొద్దున ఆయన ఆస్పత్రి మంచం మీద కూర్చుని ఎదుటి గోడ చూశాడు. గోడ తెల్లగా ఉంది. అంత తెలుపు ఒకటి ఉంటుందని ఆయన మరిచిపోయాడు. కొంచెం నీలం కలిసిన, చలిగాలిలాంటి తెలుపు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. అదే గోడ వెన్న పూసినట్టుంది. మళ్ళీ ఎడమది మూసి కుడిది తెరిచాడు. గోడ కదల్లేదు, వెలుతురు మారలేదు. మారింది ఆయన ఒక్కడే. నర్సు వచ్చి, ఏంటి తాతగారూ ఎవరికి కన్ను కొడుతున్నారు అనడిగేదాకా ఆపలేదు.

డాక్టరమ్మ వచ్చి దీపం వేసి కంట్లోకి చూసింది. బాగుందంది. మేస్త్రికి ఒకటే ప్రశ్న. ఈ రెండు కళ్ళలో ఏది అబద్ధం చెబుతోంది?

ఆవిడ నవ్వి, కొత్తగా పెట్టింది శుభ్రమైన అద్దమనీ, పాతది వయసుతో పసుపెక్కిందనీ చెప్పింది. "మరి నాకెందుకు తెలియలేదు?" అన్నాడు మేస్త్రి. "రోజుకు ఇంతంటే ఇంత ముదురుతుంది. లోపలున్నవాడు దానికి తగ్గట్టు సర్దుకుంటూ పోతాడు. తెల్ల కాయితం చూసి ఇది తెలుపే అని తనకు తానే చెప్పుకుంటాడు" అందావిడ. సర్దుకోవడం అనే మాట వినగానే మేస్త్రికి లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో వెంటనే తెలియలేదు.

"అయితే అసలు తెలుపు ఎక్కడుందండీ? గోడ మీదా, నాలోపలా?"

డాక్టరమ్మకు బయట ఇంకా చాలామంది ఉన్నారు. అయినా దీపం ఆర్పి స్టూలు మీద కూర్చుంది. "బయట ఉన్నది వెలుతురు మేస్త్రిగారూ. అది కంట్లో పడేదాకా నేను చూడగలను, కంటి వెనక పొర దాకా చూడగలను. ఆ తర్వాత అది మీకు తెలుపు ఎలా అవుతుందో, మీ తెలుపూ నా తెలుపూ ఒకటేనో కాదో చూడ్డానికి ఏ మిషనూ లేదు."

"మరెలా తెలుస్తుంది మీకు?"

"అడుగుతాను" అంది. "అందుకే కదా ఇన్ని మిషన్లు పెట్టుకుని కూడా, ఆ అక్షరం ఏంటో చెప్పండి అని అడిగేది. మీరు చెబితే నమ్మి రాసుకుంటాను."

ఇంటికి వచ్చాక భార్య పడగ్గది గోడ చూపించింది. నాలుగేళ్ళుగా ఈ గోడలకు రంగు వేయించమని చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా వినలేదు కదా, ఇప్పుడు చూసుకోండంది. గోడలు మురికిగా ఉన్నాయి. స్విచ్చుల చుట్టూ చేతి మరకలున్నాయి. ఆవిడ జుట్టు పండిన చోట వెండిలా ఉంది. ఆయన దాన్ని ఇన్నాళ్ళూ గోధుమరంగు అనుకున్నాడు. ఆ మాట చెబితే ఆవిడ, "ఏ అమ్మాయిని చూస్తూ నాతో కాపురం చేశారో ఏమో" అని నవ్వింది. మేస్త్రి నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆస్పత్రిలో గుచ్చుకున్నది ఎక్కడో అప్పుడు తెలిసింది. అదే సర్దుకుంటుందని దారాల కొట్టు ఆవిడతో అన్నది తానే.

పనిలోకి వారం దాకా దిగొద్దన్నారు. మర్నాడే దిగాడు.

తమ్ముడి కూతురు ఇంకా రాలేదు. బల్ల సొరుగులోంచి తాను కలిపి పెట్టుకున్న తెలుపు డబ్బా తీసి మూత విప్పాడు. ఎడమ కంటికి తెలుపు. కుడి కంటికి, పాత పుస్తకంలో అట్ట దగ్గరి కాయితం. దాన్ని కిటికీ దగ్గర పెట్టి, బాత్రూములో పింగాణీ పక్కన పెట్టి, తన చొక్కా పక్కన పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా కుడి కన్ను ఒక్క మాటే చెప్పింది. ఈ డబ్బాలోంచి ఎంతమందికి కళ్ళు చేసిచ్చాడు? బడిపిల్ల ఉంది, వంటాయన ఉన్నాడు, పెళ్ళి కుదిరాక వచ్చి తొందరగా చేసిమ్మన్న పిల్లాడున్నాడు. వాళ్ళందరూ రోజూ ఆ కన్ను పెట్టుకుని వీధుల్లో తిరుగుతున్నారు. ఒక్కరూ వెనక్కి రాలేదంటే, వాళ్ళక్కూడా తన నోటి మహిమతో సర్దిచెప్పాడన్నమాట. కుర్చీలో కూలబడ్డాడు.

కాసేపటికి తమ్ముడి కూతురు వచ్చింది. అప్పుడే ఎందుకు దిగావని కూడా అడగలేదు, కంటి చుక్కలు వేసుకున్నావా అని మాత్రం అడిగి మూలకు వెళ్ళింది. డబ్బా సంగతి చెబుదామని మేస్త్రి నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళ పెద్దరికం అడ్డం పడింది. మూసుకున్నాడు.

*

ఆ రోజే మధ్యాహ్నం ఫొటోగ్రాఫరు వచ్చాడు. మనిషి వాగుడుకాయ. ఏటా ఒకసారి వచ్చి తన కన్నుకు మెరుగు పెట్టించుకుని పోతాడు. ఒక కన్ను మూసుకోవాల్సిన పని లేకుండా పోయింది, ఈ వృత్తికి ఇదే సుఖం అని తన మీద తానే జోకు వేసుకుంటాడు. అతని కన్ను చేసింది రెండేళ్ళ కిందట. అంటే ఆ డబ్బాలోంచే. అతను నల్లద్దాలు తీస్తుంటే మేస్త్రికి పరీక్ష ఫలితాలు చదవబోతున్నట్టుంది. ముందే క్షమించమని అడుగుదామా అనుకున్నాడు.

అతన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కుడి కంటితో చూశాడు. రెండు కళ్ళూ ఒక్కలా ఉన్నాయి. తెలుపూ తెలుపూ అన్నదమ్ముల్లా కలిసిపోయాయి. నమ్మలేక తల అటు తిప్పించి చూశాడు, దీపం వేసి చూశాడు.

"ఎందుకంత పరీక్ష? ఎన్ని ఫొటోల్లో పట్టి పట్టి చూసుకున్నా నాకే తేడా దొరకలేదు. ఫ్లాషుకి కూడా దొరకదు" అన్నాడు ఫొటోగ్రాఫరు.

మేస్త్రికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఒక్క నిమిషం పాటు మహా సంతోషపడ్డాడు. తన చేతికి తెలుసన్నమాట, కన్ను మోసపోయినా చెయ్యి మోసపోలేదన్నమాట అనుకున్నాడు. మనిషి ఎంత దెబ్బ తిన్నా అహంకారానికి కూర్చోవడానికి ఒక పీట దొరుకుతూనే ఉంటుంది. ఫొటోగ్రాఫరు కన్ను తీసి చేతికిస్తే, ఆ ఆనందంలోనే భూతద్దం కింద పెట్టాడు.

పై పూత కింద నరాలు కనిపించాయి. తాను పరిచినవే. నరాల కింద తెలుపు కనిపించింది. తెలుపు మీద, ఊపిరి తగిలి అద్దం మసకబారినంత పల్చగా, నీలం పూత ఒకటి ఉంది. కుంచె గీతలు కనుకొస నుంచి ముక్కు వైపుకు, కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. మేస్త్రి కుడిచేతి వాటం మనిషి. ఆయన గీతలు ఎప్పుడూ అటు వాలవు.

ఫొటోగ్రాఫరు ఏదో చెబుతున్నాడు, వినిపించలేదు. లేచి వెళ్ళి కన్నును చక్రం దగ్గర అమ్మాయి చేతిలో పెట్టాడు. మెరుగు పెట్టించుకుని అతను వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక, "ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

అమ్మాయి ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. ఏంటని అడగలేదు. "మూడేళ్ళ కిందట నువ్వు కళ్ళజోడు మార్చినప్పట్నుంచి" అంది.

"అన్నిటికీనా?"

"పై పూత పోసేది నేనే కదా. నువ్వు కునుకు తీసే టైములో వేసేదాన్ని."

"నాకొక్క మాట చెప్పుంటే..."

"చెప్పాను పెదనాన్నా." అమ్మాయి గొంతులో కోపం లేదు, అదే ఆయనకు కష్టంగా ఉంది. "మొదటిసారే చెప్పాను. నీ కళ్ళు పరీక్ష చేయించుకో పో అన్నావు. వెళ్ళి చేయించుకున్నాను కూడా. బాగానే ఉన్నాయన్నారు. ఇక నీకు చెప్పి లాభం లేదనుకున్నా. నీ పేరు పోకూడదు, వచ్చినవాళ్ళు బాధపడకూడదు. రెంటికీ అదే దారి కనిపించింది."

అంటే ఇన్నేళ్ళలో తన డబ్బాలోని పసుపుతో బయటికి వెళ్ళిన కన్ను ఒక్కటే. తాను పట్టుకుని, తుడిచి, పూత పోసి పంపింది ఒక్కటే. దాన్ని చూసి నిజం చెప్పినవాళ్ళు ఇద్దరు. ఒకరిని మూలన కూర్చోబెట్టాడు, ఒకరిని నీ మనసులోనే ఉంది పొమ్మన్నాడు.

బల్ల మీద సగం చేసిన కన్నొకటి ఆయన వైపే తిరిగి ఉంది. నల్లగుడ్డు ఉంది, పాప ఉంది, నరాలున్నాయి. బతికున్న కంట్లో బయటికి కనిపించేవన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, లోపలినుంచి చూసేవాడు. ఆ ఒక్కటీ ఎవరిలోనూ బయటికి కనిపించదు. అందుకేనేమో, తనకు తప్ప ఇంకెవరికీ అది ఉన్నట్టు ఆయన ఎన్నడూ నడుచుకోలేదు. ఆ ఆలోచన వచ్చి, సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

*

మర్నాడు దారాల కొట్టుకు ఒక్కడే వెళ్ళాడు. తోడు వస్తానంటే అమ్మాయిని వద్దన్నాడు.

దారాల బల్ల దగ్గర ఆవిడ లేదు. ఓనరు బావమరిది ఉన్నాడు. ఒక ముసలావిడ గుడ్డపీలిక పట్టుకుని నిలబడితే, అతను రెండు ఉండలు ఆ పీలిక మీద పెట్టి, ఇదో అదో మీరే చూసుకోండి అని ఫోను చూసుకుంటున్నాడు. రెండూ కావని మేస్త్రి కుడి కంటికి అంత దూరం నుంచే తెలిసింది.

ఆవిడ కొట్టు వెనక, అట్టపెట్టెల మధ్య, స్టూలు మీద కూర్చుని బొత్తాలను డజన్ల లెక్కన చిన్న సంచుల్లో కడుతోంది. గది లోపల కూడా నల్లద్దాలు తీయలేదు. మేస్త్రిని చూసి లేచింది. కన్ను ఏమీ ఇబ్బంది పెట్టడం లేదనీ, రోజూ కడుక్కుంటున్నాననీ, ఆయన తిడతాడేమో అన్నట్టు గబగబా చెప్పింది.

"దారాల దగ్గర లేరే?" అన్నాడు.

"నేనే మార్చమని అడిగానండీ. మీరు చెప్పారు కదా, ఒంటి కంటికి అన్నీ తేడాగానే ఉంటాయని. తప్పు రంగు ఇచ్చానంటే కొట్టుకి చెడ్డపేరు. ఆ రోజు వెళ్ళగానే ఒక గుడ్డ తెచ్చారు, బూడిదరంగు. చేతిలోకి తీసుకుంటే భయమేసింది. ఇది నిజంగా బూడిదరంగేనా, నాకలా అనిపిస్తోందా అని. ఒకసారి భయం పట్టుకున్నాక ఇక ఏ రంగూ నమ్మలేకపోయాను."

మేస్త్రి అట్టపెట్టె అంచు పట్టుకున్నాడు. చెప్పదలుచుకున్నది దారంతా కూడబలుక్కుని వచ్చాడు గానీ, ఏదీ వరసలో రాలేదు. తన కంట్లో శుక్లం ఉందని చెప్పాడు. తన తెలుపే పసుపెక్కిందని చెప్పాడు. అమ్మాయి సరిచేయబోతే తుడిచేసింది తానేనని చెప్పాడు. ఆవిడ బొత్తాల సంచి మూతి ముడివేస్తూ విన్నది. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది.

"అయితే ఆ రోజు నాకు కనిపించింది..." అని ఆగింది.

"ఉన్నదే కనిపించిందమ్మా."

"ఇంటికి వెళ్తే మా ఆయన కూడా నవ్వాడు. ఒక కంటికే కామెర్లు వచ్చినట్టున్నాయే అని. నన్ను ఏడిపించడానికి అంటున్నాడనుకున్నా. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నా కన్నూ చెప్పింది, ఆయనా చెప్పాడు. రెండూ కాదనుకుని మీ మాట నమ్మాను. ఇప్పుడు మళ్ళీ మీరే వచ్చి, నీ కన్ను నిజమే అంటున్నారు. ఇదీ మీరంటున్నారనే కదా నేను నమ్మాలి?"

అవతల దారాల బల్ల దగ్గర ముసలావిడ రెండు ఉండల్లో ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి, కొత్త కన్ను చేసిస్తామనీ, రేపు పొద్దున్నే, మంచి వెలుతురు ఉన్నప్పుడు రమ్మనీ బతిమాలాడు. దారాల దగ్గరికి మళ్ళీ వెళ్ళమని ఓనరుతో తాను మాట్లాడతానన్నాడు. అది వద్దంది. ఆ చోటు ఇక బావమరిదిదేనంది. కన్ను సంగతికి మాత్రం, సరేనని కాదు గానీ, తలూపింది.

*

ఆవిడ వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుంది. నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మేస్త్రి తన కుర్చీ తమ్ముడి కూతురికి జరిపాడు. అమ్మాయి ఒక్క క్షణం నిలబడి, తర్వాత కూర్చుని, కుంచెలన్నిటినీ కుడివైపు నుంచి తీసి ఎడమవైపు పెట్టుకుంది. ఆ బల్ల మీద ముప్పై ఏళ్ళుగా కుంచెలు కుడివైపే ఉండేవి. మేస్త్రి వెళ్ళి మూలన చక్రం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి కిటికీ ఎంత దూరమో ఆయనకు అప్పటిదాకా తెలియదు.

పసుపు డబ్బా పారేశారు. అమ్మాయి కొత్తగా తెలుపు కలుపుకుంది. నరాలు పరిచింది. ఒక్కో పోగు పట్టుకారుతో వదిలి, ఆవిడ రెండో కంట్లోకి చూసి, మళ్ళీ వదిలింది. తర్వాత నీలం, చాలా పల్చగా. పై పూత పోశాక ఎలా ఉంటుందో తెలియాలని నీళ్ళతో తడిపి, ఆవిడ ముక్కు పక్కన, కంటికి ఆనుకునేటట్టు పట్టుకుని, రెండో చేత్తో అద్దం అందించింది.

"చూడండక్కా."

ఆవిడ అద్దంలోకి చూసింది. ఒక్క చూపే. వెంటనే అద్దం దించి, తల తిప్పి, గది మూలకు, చక్రం దగ్గర కూర్చున్న మేస్త్రి వైపు చూసింది.

"మీరే చెప్పండి" అంది.

అలవాటు చొప్పున అమ్మాయి కూడా ఆయన వైపే తిరిగింది.

మేస్త్రి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని కుడి కంటితో చూశాడు. తెలుపు కుదిరింది. ఆయన ఇన్నేళ్ళలో ఇంత బాగా కుదిరిన తెలుపు చూడలేదు. బాగుందమ్మా, అచ్చం సరిపోయింది అనడానికి నోటిదాకా వచ్చింది. ఇప్పుడైతే అది నిజం కూడా. ఆ ఒక్క మాట అంటే ఆవిడ నమ్ముతుంది, సంతోషంగా ఇంటికి వెళ్తుంది. రేపు అద్దంలో ఏ చిన్న తేడా కనిపించినా తన కంటిని కాక ఈయన మాటనే తలుచుకుంటుంది. ఆయన అబద్ధం చెప్పి పాడుచేసినదాన్ని ఆయన నిజంతో బాగుచేయడం కుదరదు. ఆవిడ తన వంక అలా చూస్తూ ఉండడం ఆయన భరించలేకపోయాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

ఆ బల్ల దగ్గర ఆ మాట అనడం ఆయనకదే మొదలు. తమ్ముడి కూతురు కుంచె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడ ఇంకా ఆయన వైపే చూస్తోంది, ఇంకేమైనా అంటాడేమోనని. ఆయన వెళ్ళి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆవిడ అద్దం ఎత్తింది. ఈసారి దించలేదు. ముఖాన్ని కొంచెం కిటికీ వైపు తిప్పి చూసుకుంది, కొంచెం నీడకు తిప్పి చూసుకుంది. వీధిలో ఎవరో తోపుడుబండి లాక్కుపోతూ అరుస్తున్నారు. ఆవిడ పెదవి లోపలికి మడిచి, దారపు ఉండ పక్కన గుడ్డపీలిక పెట్టి చూసే మనిషిలా, తలను ఒక పక్కకు వాల్చింది.

"లేదు" అంది, ఎవరివైపూ చూడకుండా. "సరిపోలేదు. నీలం ఇంకొక్క పిసరు ఎక్కువ పడాలి."

మేస్త్రి కుడి కంటికి అందులో ఏ లోటూ కనిపించడం లేదు. ఎంత చూసినా కనిపించలేదు. పాత మాటలన్నీ వరసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. వాటిని మింగేసి తమ్ముడి కూతురితో అన్నాడు.

"ఆవిడ చెప్పినట్టు వెయ్యి."